48 వోల్టుల ఛార్జర్లన్నీ ఒకటి కావు: ఏ బండి బ్యాటరీకి ఏ ఛార్జర్, ఎందుకు?

హైదరాబాద్‌లో రాణిగంజ్‌లోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో బండి ఛార్జర్ కోసం తిరిగేవాళ్లు కౌంటర్ దగ్గర అడిగేది సాధారణంగా ఒక్క ముక్కే: “48 వోల్టులది ఉందా?” ఉంటుంది. బాక్సు చేతికొస్తుంది, పిన్ను సరిపోతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, బండి ఛార్జింగ్ ఎక్కుతుంది. అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అయినా అది ఆ బ్యాటరీకి పనికిరాని ఛార్జర్ కావచ్చు. 48 వోల్టుల పేరుతో అమ్మే వాటిలో ఒకటి 54.6 వోల్టుల దగ్గర ఆగుతుంది, ఇంకొకటి 57.6 దగ్గర, మరొకటి 58.8 దగ్గర. ఛార్జర్ మంచిదా కాదా అన్నదానికంటే ముందు తేలాల్సింది అది ఎక్కడ ఆగుతుందన్నదే.

ఈ గందరగోళం ఈమధ్య ఇంటింటికీ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. 2026 డిసెంబరు 31 దాకా అని గడువు పెట్టింది. నగరంలో అపార్ట్‌మెంట్ సెల్లార్లలోకి దిగితే పెట్రోలు కారు పక్కనే ఎలక్ట్రిక్ స్కూటర్, దాని పక్కన ఎలక్ట్రిక్ కారు కనిపిస్తున్నాయి. ఒకే కుటుంబం చేతిలో రెండు మూడు రకాల బ్యాటరీలు ఉంటున్నాయి. దీనికి తోడు భయం కూడా ఉంది. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, ఆ పొగ పైనున్న లాడ్జి గదుల్లోకి ఎక్కి 8 మంది చనిపోయారు. అప్పటినుంచి “రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకోవచ్చా?” అన్న ప్రశ్న ఈ ఊళ్లో ఊరికే అడిగే ప్రశ్న కాదు.

స్టిక్కర్ మీద అంకెలు ఏం చెబుతాయి

ముందు నాలుగు మాటలు తేల్చుకుందాం. వోల్టు అంటే కరెంటును నెట్టే ఒత్తిడి. ఆంపియర్ అంటే ఆ ఒత్తిడికి పారే కరెంటు ఎంత అన్నది. ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత పడుతుందో చెబుతుంది. వోల్టులను ఏహెచ్‌తో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. వెయ్యి వాట్ అవర్లు కలిస్తే మనకు కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిట్.

ఈ లెక్క వేసి చూస్తే బ్యాటరీల మధ్య తేడా ఎంతో అర్థమవుతుంది. చిన్న పెట్రోలు కారులో ఉండే 12 వోల్టుల, 35 ఏహెచ్ బ్యాటరీలో పట్టేది 420 వాట్ అవర్లు, అర యూనిట్ కూడా లేదు. 48 వోల్టుల, 30 ఏహెచ్ స్కూటర్ బ్యాటరీలో 1,440 వాట్ అవర్లు, దాదాపు యూనిటున్నర. ఎలక్ట్రిక్ కారులో 30 యూనిట్లు, ఆపైన కూడా ఉంటాయి.

ఇక అసలు చిక్కు. బ్యాటరీ మీద రాసిన 12, 48, 60 అన్న అంకెలు పిలుపు కోసం పెట్టినవి. నిజమైన వోల్టేజీ ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, నిండినప్పుడు ఇంకొకటి. కారులోని 12 వోల్టుల లెడ్ బ్యాటరీ నిండుగా ఉండి కొన్ని గంటలు కదలకుండా ఉంటే మీటర్ మీద 12.6 నుంచి 12.7 దాకా చూపిస్తుంది. సగం అయిపోతే 12.2 దగ్గరికి వస్తుంది. 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టే. దాన్ని తిరిగి నింపాలంటే ఛార్జర్ అంతకన్నా ఎక్కువ ఒత్తిడితో నెట్టాలి, మామూలుగా 14.4 వోల్టుల దాకా వెళ్తుంది. కాబట్టి 12 వోల్టుల ఛార్జర్ సరిగ్గా 12 వోల్టులే ఇస్తే ఏ బ్యాటరీ ఎక్కదు. ఛార్జర్ స్టిక్కర్ మీద చూడాల్సింది “ఔట్‌పుట్” అన్న వరుస. ఉదాహరణకు ఇలా ఉంటుంది: ఇన్‌పుట్ 170 నుంచి 270 వోల్టుల ఏసీ, ఔట్‌పుట్ 58.4 వోల్టుల డీసీ, 10 ఆంపియర్లు. పక్కన చిన్న అక్షరాల్లో ఎల్‌ఎఫ్‌పీ, అంటే ఒక రకం లిథియం బ్యాటరీ పేరు. ఈ మూడింటిలో డబ్బా ముందువైపు పెద్దగా కనిపించేది ఏదీ ఉండదు. అక్కడ “48 వోల్ట్స్” అని మాత్రమే ఉంటుంది.

లెడ్ బ్యాటరీ: తెలిసినట్టే ఉండి తప్పులు జరిగే చోటు

పెట్రోలు, డీజిలు కార్లు, బైకులు, ఆటోలు, పాత తరహా ఇ-రిక్షాలు, వీటిలో ఎక్కువగా ఉండేది లెడ్ యాసిడ్ బ్యాటరీయే. ఇందులోనూ రకాలున్నాయి. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసేది ఒకటి. బైకుల్లో ఎక్కువగా కనిపించే సీల్డ్ బ్యాటరీ ఇంకొకటి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తానే ఆగి తానే స్టార్ట్ అయ్యే కార్లలో వాడే ఈఎఫ్‌బీ, ఏజీఎం బ్యాటరీలు మరో రకం. మూత తీసే బ్యాటరీ కొంచెం ఎక్కువ ఛార్జ్ అయినా నీళ్లు తగ్గుతాయి, పోసుకోవచ్చు. సీల్డ్ బ్యాటరీలో పోయిన నీళ్లు మళ్లీ రావు. అందుకే ఛార్జర్ మీద ఏజీఎం, జెల్ (రెండూ సీల్డ్ రకాలే) అని వేర్వేరు బటన్లు ఇస్తారు, జెల్‌కు 14.1 దగ్గర ఆగడం మేలు, ఏజీఎం 14.4 నుంచి 14.7 దాకా తట్టుకుంటుంది.

మంచి ఛార్జర్ పని చేసే తీరు కొళాయి కింద బిందె నింపడం లాంటిదే. ముందు కొళాయి పూర్తిగా తిప్పుతాం, అంచు దగ్గరికి వచ్చేసరికి ధార సన్నం చేస్తాం, నిండాక కట్టేస్తాం. ఛార్జర్ కూడా మొదట కరెంటు నిలకడగా పంపుతుంది, తర్వాత వోల్టేజీని 14.4 దగ్గర నిలబెట్టి కరెంటు తగ్గిస్తూ పోతుంది, చివరికి 13.5 నుంచి 13.8 దగ్గర సన్నగా పట్టి ఉంచుతుంది. ఈ ఆఖరి దశనే ఫ్లోట్ అంటారు. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్లలో ఈ కట్టేసే పని ఉండదు. రాత్రంతా వదిలేస్తే బ్యాటరీలో నీళ్లు ఆవిరైపోతాయి, హైడ్రోజన్ వాయువు బయటికి వస్తుంది. కిటికీ లేని గదిలో, నిప్పురవ్వ పడే చోట అది పేలుతుంది.

ఆంపియర్ల విషయంలో బ్యాటరీ షాపుల్లో అందరూ పాటించే లెక్క పదో వంతు. 35 ఏహెచ్ బ్యాటరీకి మూడున్నర ఆంపియర్లు. అలా పది గంటలు పెడితే నిండాలి. దారిలో పోయే నష్టం కలుపుకుంటే పన్నెండు గంటలు దాటుతుంది. బైక్ బ్యాటరీ 4 ఏహెచ్ అయితే 0.4 ఆంపియర్ చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, అదీ 12 వోల్టులే కదా అని బైక్ బ్యాటరీని దానికి తగిలించే ఆలోచన చాలామందికి వస్తుంది. 150 ఏహెచ్ బ్యాటరీ కోసం తయారైన ఇన్వర్టర్ 15 ఆంపియర్ల దాకా పంపగలదు. 4 ఏహెచ్ బ్యాటరీకి ఇవ్వాల్సినదానికి అది దాదాపు నలభై రెట్లు. బ్యాటరీ ఉబ్బి, పగిలి, యాసిడ్ చిమ్మడానికి అది చాలు.

మన వేసవి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 14.4 అన్న అంకె 25 డిగ్రీల వేడి దగ్గర లెక్క. వేడి పెరిగిన ప్రతి డిగ్రీకి 12 వోల్టుల బ్యాటరీ ఆగాల్సిన చోటు దాదాపు 0.02 వోల్టు కిందికి దిగుతుంది. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలున్న మధ్యాహ్నం అంటే 15 డిగ్రీలు ఎక్కువ, 0.3 వోల్టు తగ్గాలి, అంటే 14.1 దగ్గరే ఆగాలి. వేడిని కొలిచి తనంతట తాను తగ్గించుకునే ఛార్జర్లు కొన్నే ఉన్నాయి. లేని ఛార్జర్‌తో ఎండలో పెట్టి ఛార్జ్ చేస్తే, సరైన ఛార్జరే అయినా ఎక్కువ ఛార్జ్ చేసినట్టవుతుంది. పొద్దున్నే, నీడపట్టున పెడితే ఈ తేడా చాలా వరకు ఉండదు.

పూర్తిగా డౌన్ అయిన బ్యాటరీ దగ్గర రెండు వాదనలు ఎదురవుతాయి. ఆటోమేటిక్ ఛార్జర్ చాలాసార్లు అలాంటి బ్యాటరీని అసలు గుర్తించదు, ఎర్రర్ చూపిస్తుంది. అదే బ్యాటరీని వీధి చివర షాపులో పాత ఛార్జర్‌కు పెడితే లేస్తుంది. దాంతో “కొత్తవి ఎందుకూ పనికిరావు” అన్న మాట పుడుతుంది. నిజానికి కొత్తది ఆగిపోవడం దాని జాగ్రత్త. లోపల షార్ట్ అయిన సెల్ ఉందేమోనని అది ముందుకు వెళ్లదు. పాతదానికి ఆ పరీక్ష లేదు కాబట్టి నెడుతుంది. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పట్టుకుని గంట గంటకు చూసే అనుభవమున్న మనిషి చేతిలో ఆ పాత ఛార్జర్‌కు విలువ ఉంది. అదే ఛార్జర్ ఇంట్లో, ఎవరూ చూడకుండా రాత్రంతా నడవడం వేరే సంగతి.

డౌన్ అయిన బ్యాటరీని జంప్ స్టార్ట్ చేసి, కాసేపు ఔటర్ రింగ్ రోడ్డు మీద తిప్పితే నిండుతుందన్న నమ్మకం కూడా ఉంది. కొంత ఎక్కుతుంది, నిండదు. కారులోని ఆల్టర్నేటర్ ఉన్నది స్టార్ట్ చేసినప్పుడు ఖర్చయిన కొద్దిపాటిని భర్తీ చేయడానికి, లైట్లు, ఏసీ ఫ్యాన్ నడపడానికి. ఖాళీ అయిన లెడ్ బ్యాటరీ సగం నిండి అలాగే రోజులు గడిస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత బలం రాదు. ఇంటి నుంచి పని చేస్తూ కారును వారాల తరబడి సెల్లార్‌లో ఉంచేసేవాళ్లకు తరచుగా ఎదురయ్యేది ఇదే. ఒకటి రెండు ఆంపియర్ల చిన్న ఆటోమేటిక్ ఛార్జర్ నెలకోసారి రాత్రి తగిలిస్తే చాలా వరకు తప్పుతుంది.

లిథియం: ఒక పేరు, ఐదు ఆగే చోట్లు

ఎక్కువ నష్టం, ఎక్కువ ప్రమాదం ఉన్నది ఇక్కడే. లిథియం బ్యాటరీ అంటే చిన్న చిన్న సెల్స్ వరుస. మన బండ్లలో ప్రధానంగా రెండు రకాలు. ఎన్‌ఎంసీ సెల్ పేరుకు 3.6 లేదా 3.7 వోల్టులు, నిండితే 4.2. ఎల్‌ఎఫ్‌పీ సెల్ పేరుకు 3.2, నిండితే 3.65. ఎల్‌ఎఫ్‌పీ బరువెక్కువ, కానీ వేడికి ఓర్చుకుంటుంది. ఎన్‌ఎంసీ తేలిక, అదే బరువులో ఎక్కువ దూరం ఇస్తుంది, అదుపు తప్పితే మాత్రం త్వరగా అంటుకుంటుంది.

ఇప్పుడు “48 వోల్టుల” ప్యాక్ తయారు చేయాలనుకోండి. ఎన్‌ఎంసీ సెల్స్ 13 వరుసగా పెడితే నిండినప్పుడు 54.6 వోల్టులు. 14 పెడితే 58.8. ఎల్‌ఎఫ్‌పీ 15 పెడితే 54.75, 16 పెడితే 58.4. లెడ్ బ్యాటరీలు నాలుగు కలిపితే ఛార్జింగ్‌లో 57.6. ఈ ఐదింటినీ బజార్లో 48 వోల్టుల బ్యాటరీ అనే అంటారు.

తప్పు జతలు ఎలా ఉంటాయో లెక్క వేసి చూద్దాం. లెడ్ బ్యాటరీ ఛార్జర్‌ను 13 సెల్స్ ఎన్‌ఎంసీ ప్యాక్‌కు పెట్టారు. 57.6ను 13తో భాగిస్తే సెల్‌కు 4.43 వోల్టులు. 4.2 దాటకూడని సెల్‌కు ఇది ప్రమాదం. లోపల వేడి పుడుతుంది, సెల్ ఉబ్బుతుంది, అంటుకోవచ్చు. 58.8 ఛార్జర్ పెడితే సెల్‌కు 4.52, ఇంకా ఘోరం.

తిరగేసి చూస్తే ప్రమాదం లేదు కానీ చికాకు ఉంది. 54.6 ఛార్జర్‌ను 14 సెల్స్ ప్యాక్‌కు పెడితే సెల్‌కు 3.9 దగ్గర ఆగిపోతుంది. పచ్చ లైటు వెలుగుతుంది, బ్యాటరీ మాత్రం సుమారు డెబ్భై శాతమే నిండి ఉంటుంది. బండి మైలేజీ పడిపోయిందని బ్యాటరీని తిట్టుకుంటారు, తప్పు ఛార్జర్‌ది. అదే 54.6 ఛార్జర్‌ను నాలుగు లెడ్ బ్యాటరీల ఇ-రిక్షాకు తగిలిస్తే ఒక్కోదానికి 13.65 వోల్టులే అందుతాయి. రోజూ కొంత వెలితి మిగిలి, సల్ఫేట్ పేరుకుని, కొన్ని నెలల్లో డ్రైవర్‌కు ట్రిప్పులు తగ్గిపోతాయి. పూటకు పూట సంపాదించుకునే మనిషికి ఇది చిన్న నష్టం కాదు.

కొన్ని జతలు లెక్కకు సరిపోతాయి కూడా. లెడ్ ఛార్జర్ 57.6ను 16 సెల్స్ ఎల్‌ఎఫ్‌పీకి పెడితే సెల్‌కు సరిగ్గా 3.6. అందుకే “లెడ్ ఛార్జర్‌తోనే లిథియం బండి ఏళ్లుగా నడుపుతున్నా, ఏం కాలేదు” అని చెప్పే మెకానిక్ అబద్ధమాడుతున్నాడని అనలేం. ఆయన చూసిన బండికి అది నిజమే. పక్క బండిలో 13 సెల్స్ ఎన్‌ఎంసీ ఉంటే అదే సలహా ఇల్లు తగలబెట్టొచ్చు. పైగా లెడ్ ఛార్జర్లలో కొన్నింటికి సల్ఫేట్ కరిగించడానికి ఎక్కువ వోల్టేజీ దెబ్బలు కొట్టే ఏర్పాటు ఉంటుంది. లిథియంకు అది అక్కర్లేదు, హాని కూడా. లిథియంకు ఫ్లోట్ దశ కూడా అవసరం లేదు. నిండాక ఆగిపోవాలి, అంతే.

“బీఎంఎస్ ఉందిగా, అదే ఆపేస్తుంది” అన్నది తరచూ వినిపించే మాట. బీఎంఎస్ అంటే ప్యాక్ లోపల ప్రతి సెల్ వోల్టేజీని, వేడిని కనిపెట్టి ఉండే సర్క్యూట్. హద్దు దాటితే అది నిజంగానే కరెంటు కట్ చేస్తుంది. కానీ అది ఆపద కోసం పెట్టిన ఆఖరి అడ్డు. రోజూ ఛార్జింగ్ ముగించాల్సిన పని ఛార్జర్‌ది. తప్పు ఛార్జర్‌తో రోజూ ఆ అడ్డు మీదే భారం వేస్తే, అందులోని స్విచ్ ఒకరోజు అతుక్కుపోయి తెరుచుకోకపోవచ్చు. అప్పుడు ఇక ఆపేది ఏదీ ఉండదు.

పెద్ద కంపెనీల స్కూటర్లలో ఛార్జర్, బీఎంఎస్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. సంకేతం కుదరకపోతే కరెంటు మొదలే కాదు. అందువల్ల తప్పు జతలు ఎక్కువగా జరిగేది రిజిస్ట్రేషన్ అవసరం లేని తక్కువ వేగం స్కూటర్లలో, లెడ్ బ్యాటరీ తీసేసి లిథియం వేయించుకున్న బండ్లలో. బ్యాటరీ మారుతుంది, పాత ఛార్జర్ ఇంట్లోనే ఉండిపోతుంది. వీటిలో చాలా వాటికి కంప్యూటర్ వెనక పెట్టే మూడు పిన్నుల ప్లగ్గు లాంటిదే వాడతారు. 48కీ 60కీ 72కీ అదే ఆకారం. ప్లస్, మైనస్ ఏ పిన్నుకన్నది కూడా తయారీదారును బట్టి మారుతుంది. పిన్ను దూరిందంటే ఛార్జర్ సరైనదేనని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

ఎలక్ట్రిక్ కారు: గోడ మీద బాక్సు చేసే పని వేరు

కారు కొన్నప్పుడు ఇంట్లో బిగించే బాక్సును అందరం ఛార్జర్ అంటాం. అది చేసేది కరెంటును భద్రంగా కారు దాకా చేర్చడం. ఇంటికి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావాల్సిన డీసీగా మార్చి ఎక్కించే అసలు ఛార్జర్ కారు లోపలే ఉంటుంది. ఈ సంగతి తెలియక డబ్బు వృథా చేసుకుంటున్నవాళ్లున్నారు.

30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు తీసుకుందాం. అందులోని ఛార్జర్ 3.3 కిలోవాట్లది. గోడకు 7.2 కిలోవాట్ల బాక్సు పెట్టినా కారు తీసుకునేది 3.3 మాత్రమే, తొమ్మిది గంటలపైన పడుతుంది. కారులోని ఛార్జరూ 7.2 కిలోవాట్లదైతే నాలుగైదు గంటల్లో నిండుతుంది. గోడ బాక్సు, కారు ఛార్జర్ రెండింటిలో ఏది చిన్నదో అదే వేగాన్ని నిర్ణయిస్తుంది. హైవే మీద, మాల్స్‌లో ఉండే డీసీ స్టేషన్లలో మార్చే పని బయటి యంత్రమే చేసి నేరుగా బ్యాటరీకి పంపుతుంది. అందుకే అంత వేగం. అక్కడ కూడా ఎంత తీసుకోవాలో కారు బీఎంఎస్ చెబుతుంది. బ్యాటరీ 80 శాతం దాటాక వేగం బాగా తగ్గిపోవడం స్టేషన్ లోపం కాదు.

ప్లగ్గుల విషయంలో కార్లకు ఇప్పుడు పెద్ద తికమక లేదు: ఇంట్లో టైప్ 2, బయట డీసీకి సీసీఎస్ 2. స్కూటర్లలో మాత్రం ఎవరి ప్లగ్గు వారిదే. మన దేశంలోనే రూపొందిన ఒక ఉమ్మడి కనెక్టర్‌ను భారత ప్రమాణాల సంస్థ 2023లో ఆమోదించింది కానీ అందరూ అందులోకి రాలేదు. ఆర్టీసీ 2019 నుంచి హైదరాబాద్‌లో నడుపుతున్న ఎలక్ట్రిక్ బస్సులకు డిపోల్లోనే సొంత ఛార్జర్లు ఉన్నాయి కాబట్టి ఆ ఇబ్బంది వాటికి లేదు.

ఎలక్ట్రిక్ కార్లలో మరో 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుందన్నది చాలామంది కొత్త యజమానులకు తెలియదు. తలుపులు, స్క్రీన్, కంప్యూటర్లు దాని మీదే లేస్తాయి. అది డౌన్ అయితే పెద్ద బ్యాటరీలో 60 శాతం ఉన్నా కారు కదలదు. చాలా కార్లలో అది లెడ్, కొన్నింటిలో లిథియం. కాబట్టి బయటి 12 వోల్టుల ఛార్జర్ తగిలించే ముందు ఏ రకమో చూడకుండా చేయి పెట్టకూడని చోటు అది.

పవర్ ప్లగ్, ఎర్తింగ్, సెల్లార్

ఛార్జర్ సరైనదైనా గోడలోని ప్లగ్ పాయింట్ తప్పు కావచ్చు. స్కూటర్ ఛార్జర్ 750 వాట్లదైతే 230 వోల్టుల దగ్గర మూడున్నర ఆంపియర్ల లోపే లాగుతుంది. మామూలు ప్లగ్గే సరిపోతుంది. కారు 3.3 కిలోవాట్లు లాగితే 14 ఆంపియర్లు దాటుతుంది, అదీ తొమ్మిది పది గంటలు ఆగకుండా. గీజర్ కూడా అదే పవర్ ప్లగ్ వాడుతుంది కదా అంటారు, కానీ అది పావుగంటలో ఆగిపోతుంది.

వదులైన సాకెట్‌లో పిన్ను దగ్గర 0.1 ఓమ్ అడ్డు ఉందనుకుందాం. స్కూటర్ కరెంటుకు అక్కడ పుట్టే వేడి ఒక వాట్. కారు కరెంటుకు అది 20 వాట్లు అవుతుంది, ఎందుకంటే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. 20 వాట్లు రాత్రంతా ఒక ఇత్తడి పిన్ను మీదే. ఇలాంటి సాకెట్‌ను దగ్గరగా చూస్తే ఆనవాళ్లు కనిపిస్తాయి: మూడు రంధ్రాల్లో ఒకదాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కి, తర్వాత గోధుమ రంగుకు తిరిగి, అంచు కొద్దిగా కుంగి ఉంటుంది. ప్లగ్గు తీయబోతే ఒక పక్క పట్టేసినట్టు ఉంటుంది. ఆ దశలో సాకెట్ మార్చడం వంద రెండు వందల పని. వదిలేస్తే వైరింగే కాలుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో ఇలాంటి కాంటాక్టులే ఎక్కువ కాబట్టి వాటి మీద కారు ఛార్జ్ చేయొద్దని కంపెనీలు గట్టిగా చెబుతాయి.

ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో కారు ఛార్జింగే మొదలుకాదు. బాక్సు ముందుగా ఎర్త్ ఉందో లేదో పరీక్షించి, లేకపోతే కరెంటు వదలదు. దాన్ని మోసం చేయడానికి ప్లగ్గులో ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేసే చిట్కా ఒకటి తిరుగుతోంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే అప్పుడు కారు బాడీ మొత్తం కరెంటు మీదకు వస్తుంది, ముట్టుకున్నవాళ్ల ప్రాణం పోతుంది. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ గుంత తీయించడం, కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

అపార్ట్‌మెంట్లలో గొడవ వేరు. ఇంట్లో, ఆఫీసులో ఉన్న కనెక్షన్ మీదే బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే స్పష్టం చేసింది. 7.2 కిలోవాట్ల బాక్సు 31 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి మంజూరైన లోడ్ చాలకపోతే డిస్కంకు దరఖాస్తు పెట్టి పెంచుకోవాలి. అసోసియేషన్ల భయమూ కొట్టిపారేసేది కాదు. ఫ్లాట్ మీటర్ నుంచి సెల్లార్ దాకా వేలాడే వైరు, మంటలొస్తే పొగ పోయే దారి లేని చోటు, భారీ వానల్లో నీళ్లు నిండే సెల్లార్లు. 2020 అక్టోబరు వరదల్లో ఆ నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఈ ఊరు చూసింది. నాకు సబబుగా తోచేది మధ్యే మార్గం: సెల్లార్‌లో కాకుండా స్టిల్ట్ పార్కింగ్‌లో, నీటి మట్టానికి పైన, విడి మీటర్‌తో, విడి ఎంసీబీతో ఉమ్మడి పాయింట్లు. ఒక్కొక్కరూ తమ బాల్కనీ నుంచి వైరు దించుకోవడం కన్నా అది అందరికీ క్షేమం.

కంపెనీ ఛార్జరా, బజారు ఛార్జరా

కంపెనీ వాదన ఇది: ఛార్జర్, బీఎంఎస్ కలిపి పరీక్షించాం, బయటిది వాడితే వారంటీ రాదు. వినియోగదారుడి వాదనా బలమైనదే: పాడైన ఛార్జర్‌కు కంపెనీ చెప్పే ధర ఎక్కువ, వారాలు ఆగాలి, అప్పటిదాకా బండి మూలన పడి ఉంటుంది. ఛార్జర్‌ను విడిగా అమ్మడం మీద 2023లో పెద్ద వివాదమే నడిచింది. సబ్సిడీ కోసం బండి ధర తక్కువ చూపించి, ఛార్జర్‌కు వేరుగా డబ్బు తీసుకున్నారని కేంద్రం తప్పుపట్టడంతో పలు పెద్ద స్కూటర్ కంపెనీలు కొనుగోలుదారులకు ఆ సొమ్ము తిరిగి ఇస్తామని ఒప్పుకున్నాయి. కాబట్టి కంపెనీ ధర మీద అనుమానం ఊరికే పుట్టింది కాదు.

ఈ రెండింటి మధ్య తేడా బండిని బట్టి ఉంటుందని నా అభిప్రాయం. లెడ్ బ్యాటరీకి కంపెనీ పేరు ముఖ్యం కాదు. ఆగే వోల్టేజీ, ఆంపియర్లు సరిపోయిన ఏ మంచి ఆటోమేటిక్ ఛార్జర్ అయినా ఒకటే. లిథియం ప్యాక్‌కు, ముఖ్యంగా ఎన్‌ఎంసీకి, ప్యాక్ తయారీదారు చెప్పిన అంకె చేతిలో లేకుండా బయటి ఛార్జర్ కొనడం చీకట్లో కొనడమే. ఆ అంకె ఉండి, స్టిక్కర్ మీద అదే ఔట్‌పుట్ ఉండి, మల్టీమీటర్‌తో చూసినా అదే వస్తే బజారు ఛార్జర్‌ను కేవలం బజారుదని తోసేయాల్సిన పని లేదు.

80 శాతమా, 100 శాతమా, రాత్రంతా పెట్టవచ్చా

ఎన్‌ఎంసీ బ్యాటరీ రోజూ 80 శాతం దగ్గర ఆపితే ఎక్కువ కాలం వస్తుంది. దూరం వెళ్లే రోజున 100 పెట్టుకోవచ్చు. ఎల్‌ఎఫ్‌పీకి అప్పుడప్పుడు 100 దాకా వెళ్లనివ్వడమే మంచిది. దాని వోల్టేజీ మధ్యలో దాదాపు కదలకుండా ఉంటుంది కాబట్టి ఎంత మిగిలిందో లెక్క తప్పుతుంది. పైదాకా వెళ్తేనే బీఎంఎస్ సెల్స్‌ను సమం చేసుకుని లెక్క సరిచేసుకుంటుంది. ఒకరి అనుభవం ఇంకొకరికి చెల్లకపోవడానికి కారణం ఇదే. వేడి విషయంలో రెండింటికీ ఒకటే మాట: చాలా ప్యాక్‌లకు ఛార్జింగ్ హద్దు 45 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చిన స్కూటర్ బ్యాటరీ లోపల ఆ హద్దు దగ్గరే ఉంటుంది. గంట చల్లారనిస్తే కొన్ని బండ్లు ఛార్జింగ్ ఎక్కడానికి మొరాయించడం కూడా తగ్గుతుంది.

రాత్రి పెట్టడం గురించిన జవాబు బ్యాటరీ వయసును బట్టి మారుతుంది. 2022లో వరుసగా స్కూటర్లు అంటుకున్న తర్వాత బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని కేంద్రం కఠినం చేసింది. ద్విచక్ర, త్రిచక్ర వాహనాల బ్యాటరీ సెల్స్, బీఎంఎస్, బండిలోని ఛార్జర్, ఒక సెల్ షార్ట్ అయితే మంట పక్క సెల్స్‌కు పాకే తీరు, వీటన్నిటికీ కొత్త పరీక్షలు వచ్చాయి. మొదటి దశ 2022 డిసెంబరు 1న, రెండో దశ 2023 మార్చి 31న అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాత తయారైన బండి, దానితో వచ్చిన ఛార్జర్, మంచి సాకెట్, గాలి ఆడే చోటు ఉంటే రాత్రి ఛార్జింగ్ గురించి టెన్షన్ పడాల్సింది తక్కువ. అంతకుముందు తయారైన ప్యాక్, కింద పడి దెబ్బ తగిలిన లేదా నీళ్లలో మునిగిన ప్యాక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ప్యాక్ అయితే పడకగదిలోనూ, బయటికి వెళ్లే ఒకే ఒక్క తలుపు పక్కనా, మెట్ల కిందా ఛార్జింగ్‌కు పెట్టడం మానుకోవాలి. చాలా ప్యాక్‌ల మీద తయారీ నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. ఛార్జర్ ఔట్‌పుట్ అంకెతో పాటు ముందుగా చదవాల్సింది ఆ తేదీనే.